సెలవు కాదు, పొద్దున రెండు గంటలు

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌లో రైతుల సరుకు కమిషన్‌కు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. మా ఆరేళ్ల బాబుకు నెఫ్రోటిక్ సిండ్రోమ్ (కిడ్నీల నుంచి ప్రొటీన్ మూత్రంలో పోయి ఒళ్లు వాచే జబ్బు) అని జనవరి చివర్లో తేలింది. లేవగానే మూత్రం పరీక్ష, మాత్రలు, ఉప్పు తక్కువ తిండి. మా ఆయన భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేస్తాడు, వారానికోసారి వస్తాడు. ఇంట్లో అత్తమ్మ ఉంది. మిర్చి సీజన్‌లో సెలవంటే సేఠ్ ముఖం మాడ్చుకుంటున్నాడు. పని మానేయాలా అక్కా?
- ఒక తల్లి, వరంగల్

జవాబు: మానేయకు చెల్లె.

నా బిడ్డకు ఆయాసం ఉన్న రోజుల్లో నేను కాజీపేట నుంచి జమ్మికుంట బడికి రోజూ రైల్లో పోయేదాన్ని. సెలవడిగితే హెడ్‌మాస్టర్ "మళ్లా?" అనేవారు. ఒకరోజు, "మొదటి పీరియడ్ వద్దు సార్, చివరిది ఇవ్వండి" అన్నాను. వెంటనే సరేనన్నారు. ఆ మాట తట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది!

పొద్దున జెండా పాట (ఆ రోజు ధర తేల్చే తొలి వేలం) దగ్గర నీకేం పని? కాంటాలై, రైతులకు ఇచ్చే లెక్క చీటీలు, అవే తక్‌పట్టీలు, రాసేటప్పుడే కదా నువ్వు కావాల్సింది. "పదింటికి వస్తా, ఆఖరి తక్‌పట్టీ రాసేదాకా ఉంటా, ఏప్రిల్ దాకానే" అని చెప్పి చూడు. మొదటిసారి ఈ జబ్బుకు స్టిరాయిడ్ మాత్రలు మామూలుగా 6 వారాలు రోజూ, ఇంకో 6 వారాలు రోజు విడిచి రోజు ఇస్తారు. మీ సీజన్, వాడి కోర్సు దాదాపు ఒక్కసారే అయిపోతాయి. మాత్రల వల్ల ముఖం ఉబ్బినా, చిరాకు పడుతున్నా డాక్టర్ చెప్పకుండా మాత్రలు ఆపొద్దు.

మూత్రంలో పరీక్ష స్ట్రిప్పు ముంచి, దాని డబ్బా మీది రంగులతో పోల్చడం అత్తమ్మకు నేర్పు. పసుపు రంగు ఎంత ఆకుపచ్చగా మారితే అంత ప్రొటీన్ పోతున్నట్టు. డబ్బా మీద ఆ రంగుకు ఉన్నన్ని ప్లస్సులు వంటింట్లో క్యాలెండర్ గడిలో గీస్తే చాలు, అక్షరాలు అక్కర్లేదు. వరుసగా 3 రోజులు మూడేసి ప్లస్సులు పడితే డాక్టర్‌కు ఫోన్ చెయ్యి. సెలవులు అలాంటి రోజులకు దాచుకో. జలుబు, జ్వరం వెనకే ఇది తిరగబెడుతుంటుంది, కాబట్టి తుమ్ములు మొదలవగానే సేఠ్ చెవిన వేసి పెట్టు.

అత్తమ్మతో పేచీ పరీక్ష దగ్గర రాదు, ఆవకాయ దగ్గర వస్తుంది. పప్పు చప్పగా ఉందని మనవడు ఏడిస్తే ఏ నాయనమ్మ మనసు ఆగుతుంది? వాపు తగ్గేదాకా జాడీ అటకెక్కించు. అడిగితే నా పేరు చెప్పు.