వాట్సాప్ వెబ్‌లో చాట్లు కనిపిస్తున్నా కనెక్ట్ కావడం లేదా? ముందు ఫోన్ జోలికి వెళ్లకండి

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ: విశాఖ ఎంవీపీ కాలనీలో ఇంట్లో ల్యాప్‌టాప్ మీద వాట్సాప్ వెబ్ తెరిస్తే పాత చాట్లన్నీ కనిపిస్తున్నాయి. కొత్త మెసేజ్ రావడం లేదు, మీరు పంపిందాని పక్కన గడియారం గుర్తు కదలడం లేదు, కంప్యూటర్ కనెక్ట్ కాలేదని పైన చూపిస్తోంది. ఫోన్‌లో మాత్రం అంతా బాగానే ఉంది. ఫోన్ రెండుసార్లు ఆపి ఆన్ చేశారు, ఇప్పుడు యాప్ తీసేసి మళ్లీ ఎక్కిద్దామా అంటున్నారు.

ఆ ఒక్క పని చేయకండి. మళ్లీ నంబరు నమోదు చేశారంటే లింక్ చేసిన పరికరాలన్నీ తెగిపోతాయి. బ్యాకప్ సరిగ్గా లేకపోతే చాట్లు కూడా పోతాయి.

నాది పెదవాల్తేరులో చిన్న జిరాక్స్ షాపు. యూనివర్సిటీ పిల్లలే గిరాకీ. ఈ రోజుల్లో పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చేవాడెవడూ లేడు, "అన్నా, నంబరు చెప్పు, పంపేస్తా" అంటారు. వెబ్ ఆగిందంటే నా షాపు ఆగినట్టే. అందుకే దీనితో కుస్తీ బాగా పట్టాను.

ఫోన్‌ని అనుమానించడం పాత అలవాటు. 2015 జనవరిలో వెబ్ మొదలైనప్పుడు అది ఫోన్‌కి అద్దం లాంటిది. ఫోన్‌లో నెట్ లేకపోతే ఇక్కడా ఏమీ ఉండేది కాదు. 2021 నుంచి ఆ పద్ధతి మారింది. ఇప్పుడు ఒక ఫోన్‌కి నాలుగు పరికరాల దాకా లింక్ చేసుకోవచ్చు, ఒక్కోటీ మెసేజ్‌లు తెరిచే తాళం తన దగ్గరే పెట్టుకుని నేరుగా సర్వర్‌తో మాట్లాడుతుంది. ఫోన్ ఆఫ్‌లో ఉన్నా వెబ్ నడుస్తుంది. కాకపోతే ఫోన్‌లో వాట్సాప్ 14 రోజులు తెరవకపోతే మిగతావన్నీ లాగౌట్ అయిపోతాయి. ఉక్కునగరంలో మా బావగారు పాత ఫోన్ బీరువాలో పడేసి ల్యాప్‌టాప్‌లోనే వాడుకునేవారు. సరిగ్గా రెండు వారాలకి నాకు ఫోను, "ఏటిరా, నన్ను బయటికి తోసేసింది" అని. మీది అది కాదు. లాగౌట్ అయితే క్యూఆర్ కోడ్ కనిపించేది.

చాట్లు కనిపిస్తున్నాయి కాబట్టి నెట్ ఉన్నట్టే అని కూడా అనుకోవద్దు. అవి మీ బ్రౌజర్‌లోనే దాచి ఉన్నవి. మామూలు సైట్లు తెరుచుకోవడం కూడా సాక్ష్యం కాదు. సైట్ తెరవడమంటే కొట్టుకెళ్లి సరుకు తెచ్చుకున్నట్టు, మధ్యలో ఒకసారి తడబడినా మళ్లీ వెళ్లి తెచ్చుకుంటుంది, మీకు తెలీదు కూడా. వాట్సాప్ వెబ్ అలా కాదు. వెబ్‌సాకెట్ అని ఒక లైను ఎత్తి, దించకుండా పట్టుకుని కూర్చుంటుంది. ఆ లైను తెగుతూ ఉంటే మీరు చూస్తున్నదే కనిపిస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది: ఇంట్లో వైఫై ఆపి, ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్‌ని దానికి కలపండి. వాట్సాప్ వెబ్ తెరవండి. అయిదు నిమిషాల పని. కనెక్ట్ అయిందా, తప్పు మీ ఇంటి నెట్‌ది. కాలేదా, తప్పు ల్యాప్‌టాప్‌ది లేదా బ్రౌజర్‌ది. ఈ ఒక్కటి తేల్చుకోకుండా ఏం చేసినా చీకట్లో తడుముకోవడమే. నేను తడుముకున్నాను కాబట్టే చెప్తున్నా.

మొన్న సెమిస్టర్ పరీక్షల ముందు రోజు సాయంత్రం. కౌంటర్ దగ్గర పదిమంది, అందరూ హాల్ టికెట్లు పంపేశారు, నా తెర మీద ఒక్కటీ దిగలేదు. ఓ పిల్ల "అన్నా, నాది వచ్చిందా?" అని నాలుగుసార్లు అడిగింది. నేను బ్రౌజర్ మూసి తెరిచాను, కుకీలు తుడిచాను, ఫోన్ రీస్టార్ట్ చేశాను, నెట్ కనెక్షన్ వాళ్లకి ఫోన్ చేస్తే "మా వైపు అంతా బానే ఉందండి" అన్నారు. చివరికి ఆ పిల్లే తన హాట్‌స్పాట్ ఇచ్చింది. కలిపిన మరుక్షణం టకటకా టకటకా అన్నీ దిగిపోయాయి. గంటసేపు నేను చేసిన వైద్యమంతా ఆరోగ్యంగా ఉన్నవాడికి.

రాత్రి షట్టర్ దించి రౌటర్ వెనక చూశాను. కంప్యూటర్‌కి వెళ్లే కేబుల్ దగ్గర చిన్న లైటు ఉంటుంది కదా, అది వెలుగుతూ ఒక్కోసారి ఆరిపోతోంది. కేబుల్ తల ఊడదీసి ఫోన్ టార్చి కింద పెడితే, బంగారు రంగులో ఉండాల్సిన ఎనిమిది పిన్నుల్లో రెండు నల్లగా, ఒకటి పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఆ కేబుల్ కిటికీలోంచి బయటికెళ్లి వస్తుంది, బీచ్ ఎంతో దూరం లేదు. గేటు తుప్పు పడుతుంది, గ్రిల్లు తుప్పు పడుతుంది, స్కూటర్ చెయిన్ సంగతి చెప్పనక్కర్లేదు, కానీ నెట్ కేబుల్ మీదికి కూడా ఉప్పుగాలి వస్తుందని నాకెప్పుడూ తట్టలేదు. ఆ తల కోసేసి కొత్తది బిగించారు. ఆ రోజు నుంచి మళ్లీ ఆ సమస్య లేదు. ఎంవీపీలో మీ ఇల్లు సముద్రం వైపైతే ఇది తప్పక చూడండి.

కేబుల్ బాగుంటే రౌటర్‌ని ప్లగ్ తీసి ఓ నిమిషం ఆగి పెట్టండి. విపిఎన్ (మీ నెట్‌ని ఇంకో సర్వర్ మీదుగా తిప్పే యాప్) ఉంటే ఆపండి. నెట్ సెట్టింగుల్లో డీఎన్‌ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టేది) 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ పెట్టి చూడండి, ఒక్కోసారి పనిచేస్తుంది, నేనైతే దాని మీద పెద్ద ఆశ పెట్టుకోను. అది ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మాత్రం కథ వేరు. చాలా కంపెనీల ఫైర్‌వాల్, అంటే నెట్‌కి కాపలా కాసేది, పేజీని రానిస్తుంది, వెబ్‌సాకెట్‌ని ఆపేస్తుంది. అప్పుడు కిటుకులేవీ వెతక్కండి, మీ ఐటీ వాళ్లని అడగండి, కాదంటే ఫోన్‌లో చూసుకోండి. మధురవాడలో పనిచేసే మా గిరాకీ కుర్రాడొకడు ఎవరో చెప్పారని ఆఫీసు మెషీన్‌లో ఉచిత విపిఎన్ ఎక్కించి మేనేజర్ ముందు సంజాయిషీ చెప్పుకున్నాడు.

హాట్‌స్పాట్ మీద కూడా కనెక్ట్ కాకపోతే బ్రౌజర్‌లో ఇంకో విండో తెరవండి, ఇన్‌కాగ్నిటోలో (దాచిన పాత డేటా వాడకుండా తెరుచుకునే విండో). అక్కడ క్యూఆర్ స్కాన్ చేసి చూడండి. (ఫోన్ కెమెరా పగిలి ఉంటే ఫోన్ నంబరుతో లింక్ చేసే దారి కూడా ఉంది, ఎనిమిది అక్షరాల కోడ్ ఇస్తుంది.) అందులో నడిస్తే ఏదో ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించిన చిన్న ప్రోగ్రామ్) అడ్డుపడుతున్నట్టు, లేదా దాచిన డేటా పాడైనట్టు. ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటీ ఆపండి. అప్పటికీ కాకపోతే అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి ఆ ఒక్క సైట్ డేటా తుడిచి మళ్లీ లింక్ చేయండి. మొత్తం బ్రౌజర్ హిస్టరీ తుడవక్కర్లేదు. కొత్తగా లింక్ చేశాక ఇటీవలి చాట్లు ఫోన్ నుంచి దిగడానికి కాసేపు పడుతుంది, అంతవరకు ఫోన్‌లో వాట్సాప్ తెరిచే ఉంచండి. పని అయ్యాక ఇన్‌కాగ్నిటోలోంచి లాగౌట్ కావడం మర్చిపోవద్దు. మా షాపు కంప్యూటర్‌లో లాగిన్ అయి అలాగే వెళ్లిపోయేవాళ్లని రోజూ చూస్తాను. నేనే లాగౌట్ చేస్తుంటాను, అన్ని షాపులవాళ్లూ చేస్తారని నమ్మకం లేదు.

ల్యాప్‌టాప్ పాతదైతే కింద మూలన తేదీ చూడండి. నవ్వకండి. నా రెండో కంప్యూటర్‌లో మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోయేది. తేదీ అలా వెనక్కి పోతే, సైట్ అసలైనదేనని చూపే సర్టిఫికెట్లు ఇంకా పుట్టనట్టు లెక్క, బ్రౌజర్ ఒప్పుకోదు. ఆ మెషీన్‌లోనే విండోస్ 7 ఉండేది, దాంట్లో క్రోమ్ 2023 జనవరిలో వచ్చిన 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది. మీదీ అలాంటిదైతే ఎన్ని తంటాలు పడ్డా కొన్నాళ్ల ముచ్చటే.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు పక్కింటివాళ్లకి పనిచేస్తోందో లేదో కూడా అడగండి. ఒక్కోసారి వాట్సాప్ సర్వర్లే పడిపోతాయి, 2021 అక్టోబర్ 4 రాత్రి ఆరు గంటలు లేదు కదా. 2022 అక్టోబర్ 25 మధ్యాహ్నం దాదాపు రెండు గంటలు మళ్లీ ఆగింది. ఆ సాయంత్రమే సూర్యగ్రహణం. నేను రౌటర్ విప్పబోతుంటే పక్క టీకొట్టాయన "గ్రహణం బాబూ, ఏటి పనిచేస్తాది ఇయ్యాల" అన్నాడు. ఆయన నమ్మకం ఆయనది గానీ, ఆ రోజు రౌటర్ ముట్టుకోకుండా వదిలేయమన్న సలహా మాత్రం సరైనదే. అంత పెద్దగా పడినప్పుడు ఫోన్‌లో కూడా ఆగుతుంది, మీకు ఫోన్‌లో నడుస్తోంది కాబట్టి ఈసారి అది కాకపోవచ్చు.

హాట్‌స్పాట్ మీద ఏమైందో ఇక్కడే రాయండి. రౌటర్ వెనక లైటు ఆరి వెలుగుతోందా అన్నది కూడా చెప్తే మిగతాది చూద్దాం.