టెక్ సందేహాలు: జరీ ఎక్కడికి పోయింది, లింకు ఎవరి చేతిలో ఉంది?

కాలేజీల్లో వార్షికోత్సవాల కాలం వచ్చిందని క్యాలెండర్ చూడకుండానే నాకు తెలిసిపోతుంది. మెయిల్ తెరిస్తే చాలు, అన్నీ ఫ్యాషన్ షూట్ల బాధలే. ఖరీదైన గడియారం ప్రకటనలా, అత్తరు ప్రకటనలా తీద్దామని మొదలుపెడతారు. చివరికి పెళ్లి ఆల్బమ్‌లా వచ్చిందని నాకు రాస్తారు. ఫోను ఎలా పట్టుకోవాలో, మోడల్ ఎటు చూడాలో చెప్పే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి కాబట్టి ఆ పాఠాలు ఇక్కడ చెప్పను.

హాస్టల్ వరండాలో ట్యూబ్‌లైట్ల కింద షూట్ చేశాం. ప్రతి ఫొటోలోనూ అడ్డంగా నల్లటి పట్టీలు పడ్డాయి. ఫోను పాడైందా? (డిగ్రీ విద్యార్థి, నల్లగొండ)

ఫోను బాగానే ఉంది. లైటే చవకది. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక నాసిరకం ఎల్ఈడీ ట్యూబ్ సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. కన్ను దాన్ని పట్టుకోలేదు. ఫోను సెన్సార్ దృశ్యాన్ని వరుస తర్వాత వరుసగా చదువుతుంది కాబట్టి ఆ మినుకు పట్టీలుగా దొరికిపోతుంది. ప్రో మోడ్‌లో షట్టర్ వేగాన్ని 1/100కి గాని, 1/50కి గాని మార్చండి. లేదంటే లైట్లన్నీ ఆర్పేసి పగటిపూట కిటికీ పక్కన తీయండి. నన్నడిగితే అదే మేలు.

పిల్లలమర్రి దగ్గర పోచంపల్లి, గద్వాల చీరలతో షూట్ చేశాం. విదేశీ ప్రకటనల్లో ఉండే ఆ గాంభీర్యం రాలేదు. చీర ప్లాస్టిక్‌లా, ముఖం మైనపు బొమ్మలా ఉన్నాయి. ఏ యాప్‌తో సరిచేయాలి? (మహబూబ్‌నగర్)

ఏ యాప్‌తోనూ కాదు. ఉన్న సాఫ్ట్‌వేర్ చేసిన చెరుపే చాలు.

పోచంపల్లిది ఇక్కత్ నేత. అందులో నేయకముందే నూలును కట్టి రంగులద్దుతారు. అందుకే రంగు రంగును కలిసే చోట అంచు కాస్త అలికినట్టు ఉంటుంది. ఆ అలుకుడు కోసమే జనం డబ్బు పెట్టి ఆ చీర కొంటారు. ఫోనుకు మాత్రం అది మసకబారిన ఫొటోలా కనిపిస్తుంది, వెంటనే పదును పెడుతుంది. దాంతో నేత అచ్చు వేసిన బట్టగా మారిపోతుంది. గద్వాల చీరది మరో కథ. ఒంటి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటి మెరుపూ వేరువేరని తెలియాలంటే వెలుగు ఒక పక్క నుంచే పడాలి. మన ఫోన్లేమో నీడ కనపడగానే కంగారుపడి దాన్ని వెలిగించేస్తాయి. పోర్ట్రెయిట్ మోడ్ పెడితే జరీ అంచులో సగాన్ని వెనకున్న చెట్టుతో కలిపి చెరిపేస్తుంది.

కాబట్టి పోర్ట్రెయిట్ మోడ్, నీడల్ని వెలిగించే హెచ్‌డీఆర్, బ్యూటీ మూడూ ఆపండి. ఫోను రా ఫైలు (సాఫ్ట్‌వేర్ చెయ్యి పడని అసలు ఫైలు) ఇస్తే అందులోనే తీయండి. రెండు మూడు మీటర్లు వెనక్కి జరిగి 2ఎక్స్ లెన్స్ వాడండి. దగ్గరికి వెళ్లి మామూలు లెన్స్‌తో తీస్తే ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోతాయి. ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి లాక్ చేయండి. ఆ ప్రకటనల గాంభీర్యమంతా నీడలో ఉంటుంది. నీడ వైపు తెల్లటి థర్మాకోల్ షీటు పెట్టి వెలిగించడం అందరికీ తెలుసు. దాని బదులు అదే వైపు నల్లటి బట్ట పట్టుకుని నీడను చిక్కబరచడం ఎవరూ చేయరు. మీ జిల్లాలో దానికి స్టూడియో సామాను కొనక్కర్లేదు, ఇంట్లో నల్ల గొంగడి ఉంటే తెచ్చుకోండి. వెలుగును అంత చక్కగా మింగేది మరొకటి నేను చూడలేదు. వెనక తెర కోసం కూడా హైరానా పడవద్దు. 1950లో ప్యారిస్‌లో ఇర్వింగ్ పెన్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ తన ఫ్యాషన్ ఫొటోలకు వెనక కట్టింది పాత నాటకశాల తెరే.

బ్యూటీ మోడ్ మీద నాకు వ్యక్తిగతమైన కక్ష ఉంది. నా ఫోనులో దాన్ని ఎన్నిసార్లు ఆపినా, అప్‌డేట్ వచ్చిన మర్నాడు మళ్లీ మేలుకుంటుంది. చర్మాన్ని తెల్లబరచడాన్ని 'సహజం' అనే మీట కింద దాచిపెట్టిన ఆ ఇంజినీరు ఎవరో గాని, వేసవిలో ఒక్క రోజు మహబూబ్‌నగర్ బస్టాండులో నిలబడితే సహజమైన రంగు ఏదో తెలుస్తుంది.

ఇంకొక్క మాట, ఇది టెక్నాలజీ సంగతి కాదు. ఆ పిల్లలమర్రి చెట్టుకు చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. దాని ఊడలకు లైట్లు కట్టకండి.

మా కాలేజీ ఫ్యాషన్ క్లబ్‌లో స్టైలింగ్, డైరెక్షన్ నావే. 14 మంది అమ్మాయిల ఫొటోలన్నీ ఆన్‌లైన్ ఫోల్డర్‌లో పెట్టి క్లాసు గ్రూపులో లింకు ఇచ్చాను. ఇప్పుడు అందులోని ఒకమ్మాయి ఫొటోలతో ఎవరో నకిలీ ఖాతా నడుపుతున్నారు. ఫోల్డర్ తీసేస్తే సరిపోతుందా? (మిర్యాలగూడ)

సరిపోదు. ఊళ్లు వేరు, ఉత్తరం ఒకటే. ఇలాంటివి నాకు ఆగకుండా వస్తున్నాయి.

ముందు చేయవలసినవి. నకిలీ ఖాతా పేజీని చిరునామా, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ఖాతా మాయమయ్యాక రుజువు దొరకదు. తర్వాత ఆ వేదికలోనే ఫిర్యాదు చేయండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం నగ్న చిత్రాలు, మార్ఫింగ్ చేసినవి, ఒకరి వేషంలో మరొకరు పెట్టినవి వంటి వాటిపై బాధితురాలు గాని, ఆమె తరఫున మరొకరు గాని ఫిర్యాదు చేస్తే ఆ వేదిక గంటల్లోనే చర్య తీసుకోవాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో స్త్రీలు, పిల్లలపై నేరాలకు ప్రత్యేక విభాగం ఉంది. పోలీసుల షీ టీమ్స్‌ను కూడా ఆశ్రయించవచ్చు. ఈ పనులన్నీ ఆ అమ్మాయికి చెప్పి, ఆమెతో కలిసి చేయండి. ఆమెకు తెలియకుండా గుట్టుగా సర్దేద్దామని చూడకండి.

ఇక లింకు సంగతి. 'లింకు ఉన్నవారెవరైనా చూడవచ్చు' అనే మీట నొక్కారు కదా, దాని అర్థం మీ క్లాసు అని కాదు. క్లాసులో ఒకడు తమ్ముడికి పంపుతాడు, తమ్ముడు క్రికెట్ గ్రూపులో పెడతాడు. చాలా సేవల్లో ఆ తెరిచిన లింకు ద్వారా ఎవరు చూశారో, ఎవరు దించుకున్నారో మీకు చెప్పే జాబితా కూడా ఉండదు. రేపు మీరు ఫోల్డర్ చెరిపేసినా దించుకున్న కాపీలు దించుకున్నవారి దగ్గరే ఉంటాయి. 14 మంది ముఖాలు, రకరకాల కోణాల్లో, చక్కటి వెలుగులో, పెద్ద సైజులో. ముఖం మార్చే సాఫ్ట్‌వేర్‌కు ఇంతకన్నా మంచి సరుకు ఎవరూ పోయరు. సెల్ఫీ కన్నా మీ షూటే వారికి ఎక్కువ పనికొస్తుంది. అందుకే నేను వైరస్‌ల కన్నా ఈ లింకులకే ఎక్కువ భయపడుతున్నాను.

ఇందులో నా తప్పు కూడా ఉంది. మెసేజింగ్ యాప్‌లో ఫొటో నాణ్యత పోతుంటే డాక్యుమెంట్‌గా పంపమని నేనే ఈ శీర్షికలో చాలాసార్లు చెప్పాను. నాణ్యత పోదు, నిజమే. ఫైలుతో పాటు అందులో దాగిన జీపీఎస్ వివరం కూడా చెక్కుచెదరకుండా వెళ్తుందని చెప్పలేదు. మేకప్ పరీక్ష కోసం హాస్టల్ గదిలో తీసిన ఫొటో అయితే ఆ హాస్టల్ ఎక్కడుందో మ్యాప్ మీద చూపిస్తుంది. షూట్‌కు ముందే కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి.

ఖరీదైన ప్రకటనల నుంచి మీరు వెలుగును, చూపును, నవ్వని పెదాలను తెచ్చుకున్నారు. వాటి వెనకుండే కాగితాన్ని తెచ్చుకోలేదు. అక్కడ మోడల్ సంతకం చేసిన పత్రంలో ఫొటో ఎక్కడ వాడతారో, ఎంతకాలం వాడతారో రాసి ఉంటుంది. అసలు ఫైళ్లు ఎవరి దగ్గర ఉండాలో ముందే తేలిపోతుంది. మీరూ తెల్లకాగితం మీద తెలుగులో నాలుగు వాక్యాలు రాసుకోండి. 18 నిండని ఇంటర్ విద్యార్థులైతే అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. ఎవరి ఫొటోలు వారికే, వారి ఈమెయిల్‌కు మాత్రమే అనుమతి ఇచ్చి పంపండి. వద్దన్న ఫొటో ఆ అమ్మాయి ముందే చెరిపేయండి.

మహబూబ్‌నగర్‌కు పేరిచ్చిన ఆరో నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ అనే ఫొటోగ్రాఫర్ ఉండేవారు. ఘోషాలో ఉండే స్త్రీల కోసం ఆయన 1892లో హైదరాబాద్‌లో జెనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తయిన గోడలు, లోపల ఫొటో తీసేదీ స్త్రీలే. ఘోషాను నేను వెనకేసుకురావడం లేదు. అయినా ఫొటో తీయకముందే గోడ గురించి ఆలోచించిన మనిషి ఆయన. ఇవాళ ఫోల్డర్లు తయారుచేసేవారు గోడ కట్టడాన్ని నాలుగు మెనూల లోపల దాచి, కూల్చడాన్ని ఒక్క మీటలో పెట్టారు. చిన్న అక్షరాల్లో హెచ్చరిక ఉందిగా అంటారు. రాత్రి పదకొండింటికి 300 ఫొటోలు పంపుతున్న పిల్ల చిన్న అక్షరాలు చదువుతుందా?

ఈ కోవలోనే ఇంకొకటి. ఫొటో ఇస్తే లగ్జరీ ప్రకటనలా మార్చి ఇచ్చే కృత్రిమ మేధ యాప్‌లు. మీ ముఖం మీరు ఇచ్చుకుంటే మీ ఇష్టం, స్నేహితురాలి ముఖం ఇవ్వడానికి మీరెవరు? పైగా ఆ యాప్‌లు గ్యాలరీ మొత్తం తెరవమంటాయి. ఆ గ్యాలరీలో ఆధార్ ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్ ఉంటుంది, పదో తరగతి మెమో ఉంటుంది. 'ఎంచుకున్న ఫొటోలు మాత్రమే' అనే అనుమతి కొత్త ఫోన్లలో ఉంది, అదే ఇవ్వండి. డబ్బు కట్టాల్సిన యాప్ ఉచితంగా దొరుకుతోందని ఎవరో పంపిన ఏపీకే ఫైలును (స్టోర్ బయట నుంచి యాప్ ఎక్కించే ఫైలు) మాత్రం ముట్టుకోకండి. అలాంటివి ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతాయి. ఫొటో ఎడిటర్‌కు మీ ఎస్ఎంఎస్‌లతో పనేమిటి? ఓటీపీలు దోచుకోవడానికి తప్ప.

మా ఫ్యాషన్ క్లబ్‌కు 20 వేల రూపాయలు మంజూరయ్యాయి. ఏ ఫోను, ఏ లైటు కొనాలి? (అధ్యాపకురాలు, గద్వాల)

ఫోను వద్దు మేడమ్, పిల్లల దగ్గర ఉన్నవి చాలు. లైటు కూడా ఇప్పుడే వద్దు, ఉదయం ఏడున్నరకు కోట గోడ పక్కన దొరికేది వాడుకోండి. ఒక ట్రైపాడ్, ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొనండి. ఆ డ్రైవ్‌కు పాస్‌వర్డ్ పెట్టి మీ బీరువాలో ఉంచండి. మిగిలిన డబ్బులో ఆవిరితో నడిచే ఇస్త్రీ పెట్టె ఒకటి తీసుకోండి. మడత గీతలను తర్వాత ఫోనులో చెరపవచ్చని పిల్లలు అంటారు, నమ్మకండి. గీతతో పాటు పక్కనున్న జరీ కూడా పోతుంది.