కొండ మీద నుంచి కడలిని చూడాలంటే

ప్రశ్న: మేము కూకట్‌పల్లిలో ఉంటాం. సెలవులు వస్తే సూర్యలంక వెళ్లి వస్తుంటాం. ఈసారి ఎత్తైన కొండ మీద నుంచి సముద్రాన్ని చూడాలని పిల్లల కోరిక. డెబ్బయ్యేళ్ల మా అత్తగారు కూడా వస్తారు. సొంత కారులో ఎక్కడికి వెళితే బాగుంటుంది? సముద్రంలో సూర్యాస్తమయం కూడా కనిపిస్తే మరీ సంతోషం.
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: సూర్యలంక చుట్టుపక్కల మీకు కొండ కనిపించకపోవడానికి కారణం ఆ నేలే. కృష్ణా గోదావరులు వేల ఏళ్లుగా తెచ్చిపోసిన ఒండ్రుతో ఏర్పడిన చదును తీరమది. తూర్పు కనుమల కొండలు సముద్రపు ఒడ్డు దాకా దిగివచ్చేది విశాఖపట్నం దగ్గర కాబట్టి అక్కడికే వెళ్లండి. దూరం 600 కిలోమీటర్లకు పైమాటే. పెద్దావిడను ఒక్క రోజులో అంత దూరం కూర్చోబెట్టకుండా విజయవాడ మీదుగా రాజమహేంద్రవరం చేరి, రాత్రికి అక్కడ ఆగడం మంచిది. సంక్రాంతికి ముందు రోజుల్లో మాత్రం బయలుదేరవద్దు. పంతంగి టోల్‌గేటు దగ్గర ఆ రద్దీ ఎలా ఉంటుందో హైదరాబాద్ వారికి వేరే చెప్పనక్కర్లేదు.

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డుకు ఒక పూర్తి రోజు కేటాయించండి. వెళ్లేటప్పుడు కొండలు ఎడమవైపు, సముద్రం కుడివైపు ఉంటాయి. అందువల్ల వెళ్లేటప్పుడు కొండ వైపు చోట్లు, తిరిగి వచ్చేటప్పుడు సముద్రం వైపు చోట్లు చూసుకుంటే, ఎదురుగా వచ్చే వాహనాల మధ్య నుంచి పిల్లలను రోడ్డు దాటించే అవసరం రాదు.

ఒక్క చోటే చూసే వీలుంటే నేను కైలాసగిరిని కాక తొట్లకొండనే ఎంచుకుంటాను. కైలాసగిరిలో రోప్‌వే ఉంది, పిల్లలకు కాలక్షేపం ఉంది, దానితో పాటు జనమూ ఉంటారు. తొట్లకొండ సముద్రమట్టానికి సుమారు 128 మీటర్ల ఎత్తున ఉన్న బౌద్ధ క్షేత్రం. 1988 నుంచి 1993 వరకు జరిగిన తవ్వకాల్లో ఇక్కడ స్తూపం, చైత్యాలు (బౌద్ధుల ప్రార్థనా మందిరాలు), భిక్షువుల గదుల పునాదులు బయటపడ్డాయి. వాన నీరు నిలిచేందుకు రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. కారు పైదాకా వెళుతుంది కనుక మీ అత్తగారికి ఎక్కే శ్రమ ఉండదు. పొద్దున్నే వెళ్లండి, ఎండ ముదిరాక ఆ ఇటుక గోడల మధ్య నీడ దొరకడం కష్టం.

తిరుగు దారిలో భీమిలికి ఇవతల ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. వేల ఏళ్ల నాటి ఈ ఇసుక దిబ్బలను వాన నీరు కోసి లోతైన గండ్లుగా మార్చింది. గండి అడుగున నడవవచ్చు గానీ, అంచు మీదికి పిల్లలను ఎక్కనివ్వకండి. అది రాయి కాదు, కాలి కింద జారిపోయే ఇసుక, పైగా ప్రతి అడుగూ దిబ్బను కొంత కరిగిస్తుంది. గట్టిగా కనిపించే కొండరాతి అంచులనూ నమ్మరాదు. ఇక్కడి ఖొండలైట్ రాయి ఎండకూ వానకూ లోలోపల గుల్లబారుతుంది. నీటి దగ్గరి బండల విషయంలో ఒక గుర్తు చెబుతాను: రాయి తడిగా ఉందంటే కాసేపటి క్రితం అల అక్కడిదాకా వచ్చిందని అర్థం. ఫొటో కోసమైనా సరే, ఆ తడిని దాటి ముందుకు పోకూడదు.

విశాఖలోనే సముద్రంలోకి చొచ్చుకొచ్చిన డాల్ఫిన్ నోస్ కొండ మీది లైట్‌హౌస్‌కు వెళ్లాలనుకుంటే, అది నౌకాదళానికి సంబంధించిన ప్రాంతం కనుక సందర్శన వేళలు, ఫొటోల నిబంధనలు ముందుగా కనుక్కోండి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానుల భయం ఉంటుంది. 2014లో హుద్‌హుద్ విశాఖ వద్ద తీరం దాటింది అక్టోబరు 12ననే. జనవరి, ఫిబ్రవరి నెలలు హాయిగా ఉంటాయి.

ఇక సూర్యాస్తమయం. విశాఖ సముద్రం తూర్పున ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడే గానీ నీళ్లలో మునగడు. సాయంత్రం పొద్దు కొండల వెనక్కి పోతుంది. ఆ కోరిక తీరాలంటే అరేబియా తీరానికే వెళ్లాలి. గోవా దక్షిణాన ఉన్న కాబో ద రామా కోట గానీ, కర్ణాటకలోని గోకర్ణం గానీ చూడవచ్చు. అయితే విశాఖనూ వాటినీ ఒకే ప్రయాణంలో కలపవద్దు; రెండింటికీ దారులు హైదరాబాద్ నుంచి చెరో దిక్కుకు పోతాయి.