ప్రీమియం ముట్టేదాకా బండి కదపవద్దు

చిరంజీవి శ్రీనుకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు సెకండ్ హ్యాండ్‌లో గూడ్స్ బండి కొన్నావనీ, ఆర్‌సీ కూడా నీ పేరు మీదికి మారిందనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు ఎంత సంతోషించానో, ఇన్సూరెన్స్ కట్టబోతే ఖాతాలో డబ్బు కట్ అయి పాలసీ మాత్రం రాలేదనీ, అయినా గుంటూరు యార్డు నుంచి మిర్చి లోడుకు ఒప్పుకున్నావనీ విన్నాక అంత కంగారుపడ్డాను. మన ఇంట్లో స్టీరింగ్ పట్టినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ సొంత బండి కొన్నవాడివి నువ్వే. ఆ మాట కనిపించిన ప్రతివాడికీ చెప్పుకుంటున్నాను. ఆ లోడు మాత్రం వద్దు.

డబ్బు పోయింది కాబట్టి ఇక బాధ్యత కంపెనీదేనని అన్నావట. కాదు నాయనా. ప్రీమియం ముందుగా అందితే తప్ప కంపెనీ రిస్కు, అంటే నష్టం భరించే బాధ్యత, తీసుకోకూడదని 1938 నాటి ఇన్సూరెన్స్ చట్టంలో 64వీబీ సెక్షన్ చెబుతోంది. నీ ఖాతాలో కట్ కావడం వేరు, వాళ్లకు ముట్టడం వేరు. యూపీఐలో వ్యాపారికి పంపిన డబ్బు మధ్యలో ఆగిపోతే అయిదు రోజుల్లోగా దానంతట అదే వెనక్కి రావాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలనీ రిజర్వ్ బ్యాంకు 2019లో నియమం పెట్టింది. ఆ వంద నీకు దక్కవచ్చు గానీ, ఆ అయిదు రోజులూ నీ బండికి బీమా ఉన్నట్టు కాదు.

విజయవాడ ఆటోనగర్‌లో నేను లెక్కలు రాసిన ఆఫీసు యజమానికి మూడు లారీలు ఉండేవి. ఒక లారీ రెన్యువల్‌కు ఆయన ఏజెంటు చేతికి చెక్కు ఇచ్చారు. పాలసీ వెంటనే వచ్చింది, దాన్ని డాష్‌బోర్డు అరలో పెట్టి అందరూ మరిచిపోయారు. ఈలోగా టైర్ల షాపు చెక్కు ముందు పాస్ కావడంతో, ఖాతాలో డబ్బు చాలక ఇన్సూరెన్స్ చెక్కు తిరిగిపోయింది. కంపెనీ పాలసీని రద్దుచేసి ఆ సంగతి రిజిస్టర్డ్ పోస్టులో తెలియజేసింది. యజమాని లేని సమయంలో వచ్చిన ఆ కవరును టీలు తెచ్చే కుర్రాడు తీసుకొని, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు మీద తన పేరు గీకి, కవరును బిల్టీ (సరుకు రసీదు) పుస్తకాల కింద పడేశాడు. దుమ్ము పట్టి, ఒక మూల టీ మరక అంటుకొని, విప్పకుండానే ఉన్న ఆ కవరు నందిగామ దగ్గర మా లారీ సైకిల్ మీద వెళ్తున్న కూలీని గుద్ది చంపిన తరువాత గానీ బయటపడలేదు. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో, రద్దు సంగతి ముందే ముట్టిందనడానికి కంపెనీ వకీలు చూపించింది ఆ కార్డునే.

చెక్కు తిరిగినా, రద్దు సంగతి ప్రమాదానికి ముందు యజమానికి చేరకపోతే బాధితులకు కంపెనీయే పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2012లో లక్ష్మమ్మ కేసులో చెప్పింది. ముందే రద్దుచేసి తెలియజేస్తే కంపెనీకి బాధ్యత లేదని 2007లో దెద్దప్ప కేసులో చెప్పింది. మావాళ్లది రెండో దారి అయింది. సొంత లారీ రిపేరుకైతే అసలు ఆశే లేదు; చెక్కు చెల్లనప్పుడు ఆ నష్టం అడగడానికి వీల్లేదని 2001లోనే సీమా మల్హోత్రా కేసులో తేలిపోయింది. మిగిలిన రెండు లారీలూ అమ్మి పరిహారం కట్టారు. ఆ కూలీ భార్య చంటిపిల్లను ఎత్తుకొని వాయిదా వాయిదాకూ వచ్చి కోర్టు వరండాలో కూర్చునేది. నాకు లారీల కంటే ఆమే ఎక్కువ గుర్తుంది.

నీ విషయంలో ఇంకా అన్యాయం ఏమిటంటే, వాదించుకోవడానికి పాలసీ కాగితం కూడా నీ చేతిలో లేదు. బీమా లేకుండా పట్టుబడితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. చాలామంది ఈ జరిమానా ఒక్కటే లెక్కవేసుకొని తెగిస్తారు. ప్రాణం పోతే ట్రిబ్యునల్ వేసే పరిహారానికి పైహద్దు లేదు, అది నీ బండి ఖరీదును చూసి ఆగదు.

అందుకని పోయిన డబ్బు తిరిగి వచ్చేదాకా ఎదురుచూడకుండా, వేరే ఖాతా నుంచి మళ్లీ కట్టు. చేతిలో లేకపోతే నేను పంపుతాను, మొహమాటపడకు. పాత తేదీ వేయిస్తానని ఏజెంటు అంటే ఒప్పుకోవద్దు; రిస్కు ఏ తేదీన, ఎన్ని గంటలకు మొదలవుతుందో పాలసీ మీదే ఉంటుంది, అప్పటిదాకా బండి షెడ్డులోనే ఉండాలి. ఫోన్ నంబరు, చిరునామా నీవే రాయించు. ఏజెంట్లు తమ నంబరు వేసుకుంటారు, రద్దు మెసేజ్ వాళ్లకు పోతుంది. పోస్టులో వచ్చిన ప్రతి కవరూ, అది ప్రకటన కాగితమైనా సరే, అదే రోజు విప్పు.

పాలసీ రాగానే మొదటి పేజీ ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోయిందో లేదో నేను చూస్తాను. లోడు ఆలస్యమైందని పార్టీ అరిస్తే నా నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న