2036 ఒలింపిక్స్ అహ్మదాబాద్‌కు దక్కే అవకాశం ఎంత?

"ప్రపంచంలోకెల్లా పెద్ద క్రికెట్ స్టేడియం అహ్మదాబాద్‌లో ఉంది, దేశంలో డబ్బుకు కొదవ లేదు, ఇంక 2036 ఒలింపిక్స్ రాకుండా ఆపేదేంటి?" అని అడిగారు మీరు. నా లెక్కలో రూపాయికి నాలుగణాలు. 2040 అయితే ఎనిమిదణాల దాకా పోతాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా ఊరి ఖోఖో పోటీల సంగతి చెప్పాలి. నవ్వకండి.

నేను అనంతపురం జిల్లాలో ముప్పై ఏళ్లు పీఈటీగా చేసి రిటైరయ్యాను. తొంభైల చివర్లో రాష్ట్రస్థాయి స్కూల్ గేమ్స్ ఖోఖో మీట్ మా ఊళ్లోనే పెట్టించాలని మాకు పట్టుదల పుట్టింది. పోటీకి కోస్తా వైపు ఊరొకటి ఉంది. చూడటానికి ఇద్దరు వస్తున్నారని తెలిసి వారం పాటు పిల్లలతో రాళ్లు ఏరించాం, రోలర్ తిప్పించాం, సున్నంతో గీతలు కొట్టించాం. మధ్యాహ్నానికి రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఆపైన ఓళిగలు. వచ్చినవాళ్లు సుష్టుగా తిన్నారు. గ్రౌండ్‌లో మాత్రం ఐదు నిమిషాలు కూడా నిలబడలేదు.

వాళ్లు అడిగినవి వేరే. ఆరు వందల మంది పిల్లలు ఎక్కడ పడుకుంటారు? ఆడపిల్లలకు బాత్‌రూములెన్ని? రోజుకు ఎన్ని ట్యాంకర్ల నీళ్లు తెప్పిస్తారు, ఎక్కడి నుంచి? చివరికి, "ఖర్చు పెరిగితే ఎవరు కడతారు సార్, కాగితం ఏమన్నా ఉందా?" అన్నారు. "పెద్దలు మాటిచ్చారు" అన్నాం మేము. అవతలి ఊరివాళ్లు కల్యాణ మండపం బుక్ చేసిన రసీదు, ఒక రైస్ మిల్లు యజమాని సంతకం పెట్టిన కాగితం చూపించారట. మీట్ అటే పోయింది. మా నాటుకోడి మాత్రం బాగుందని చెప్పి పోయారు.

ఒలింపిక్స్‌లోనూ ఒకప్పుడు ఇలాగే నాటుకోడి నడిచింది. నగరాలు పోటీ పడేవి, అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) సభ్యులు రౌండ్ల వారీగా ఓట్లేసేవారు. ఆ ఓట్ల కోసం కానుకలు, మర్యాదలు హద్దు దాటి, 2002 వింటర్ ఒలింపిక్స్ తెచ్చుకున్న సాల్ట్ లేక్ సిటీ వ్యవహారం రచ్చకెక్కింది. 1999లో కొందరు సభ్యుల్ని బయటికి పంపారు కూడా. ఓట్లు ఎటు పడతాయో ఎవరికీ అంతుపట్టేది కాదు. 2012 ఒలింపిక్స్ కోసం జరిగిన ఓటింగ్‌లో పారిస్ మీద లండన్ 54-50తో గట్టెక్కింది. 2009లో షికాగో కోసం ఒబామా స్వయంగా కోపెన్‌హాగన్ వెళ్లినా ఆ నగరం మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చింది, 2016 ఒలింపిక్స్ రియోకు పోయాయి.

2019లో ఆ పద్ధతి మార్చేశారు. ఇప్పుడు ఆసక్తి ఉన్న దేశాలన్నిటితో ఒక కమిషన్ మాట్లాడుతూ ఉంటుంది. నచ్చిన నగరం కనిపిస్తే దాన్ని పక్కకు పిలిచి అసలు బేరం మొదలుపెడుతుంది. సభ్యుల దాకా వచ్చేసరికి పెళ్లి కుదిరిపోయి ఉంటుంది, అక్షింతలు వేయడమే మిగులుతుంది. 2032కు బ్రిస్బేన్ అలాగే గెలిచింది. 2021 జులైలో ఓటింగ్ పెడితే పోటీలో ఉన్నది అదొక్కటే, అనుకూలంగా 72, వ్యతిరేకంగా 5. కాబట్టి "ఎన్ని ఓట్లు వస్తాయి" అని లెక్కలేసుకోవడం ఇప్పుడు దండగ. పక్కకు పిలుస్తారా లేదా అన్నదే చూడాలి.

మనవాళ్లు 2023 అక్టోబర్‌లో ముంబైలో ఐఓసీ సమావేశం జరిగినప్పుడు కోరిక బయటపెట్టారు. 2024 అక్టోబర్ 1న ఆసక్తి లేఖ ఇచ్చారు. 2025 జులైలో ఒక బృందం ఐఓసీ ఆఫీసున్న స్విట్జర్లాండ్ నగరం లాసాన్ వెళ్లి అహ్మదాబాద్ పేరు చెప్పి వచ్చింది. అప్పటికే ఐఓసీకి కొత్త అధ్యక్షురాలుగా వచ్చిన కిర్‌స్టీ కొవెంట్రీ, ఎంపిక పనికి విరామం ఇచ్చి సమీక్ష మొదలుపెట్టారు. మనం ఇంటర్వ్యూకు పోయేసరికి ఆఫీసులో మేనేజర్ మారినట్టన్నమాట.

మనకు కలిసొచ్చేవి లేకపోలేదు. 2024 యూరప్‌లో, 2028 అమెరికాలో, 2032 ఆస్ట్రేలియాలో. తర్వాత వంతు ఆసియాదో ఆఫ్రికాదో కావడం న్యాయం. 2028 లాస్ ఏంజెలెస్‌లో క్రికెట్ మళ్లీ వస్తోంది, మన టీవీ ప్రేక్షకుల విలువ వాళ్లకు బాగా తెలుసు. కానీ అదే ఆసియా వంతు కోసం ఖతార్ కూడా కాచుకు కూర్చుంది. రాజధాని దోహాలో 2006 ఏషియన్ గేమ్స్, ఆ తర్వాత 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరిపి చూపించింది, 2030 ఏషియన్ గేమ్స్ కూడా దోహాలోనే. ఇస్తాంబుల్ ఇప్పటికి ఐదుసార్లు అడిగి భంగపడింది, అయినా వదలడం లేదు. మ్యూనిక్‌లో 2025 అక్టోబర్‌లో జనాన్నే అడిగితే మూడింట రెండు వంతుల మంది సరే అన్నారు. మన దగ్గర జనాన్ని అడిగే అలవాటు లేదు, అది వేరే కథ.

మీరు చెప్పిన ఆ మోతేరా స్టేడియంలో 1,32,000 మంది కూర్చోవచ్చు, సరే. కానీ ఒలింపిక్స్‌కు అది ఒక వేదిక మాత్రమే. ఈత, సైక్లింగ్, పడవలు, అథ్లెట్ల ఊరు, ఇవన్నీ ఉండాలి. ఒలింపిక్స్ మామూలుగా జరిగే జులై, ఆగస్టు అంటే గుజరాత్‌లో వానలు. సెప్టెంబర్‌కో అక్టోబర్‌కో జరపమని బతిమాలాలి. సిడ్నీలో 2000లో సెప్టెంబర్‌లోనే జరిగాయి కాబట్టి అది పెద్ద అడ్డు కాదు.

నాకు అసలు భయం ఇంటి సంగతుల మీద. 2012 డిసెంబర్‌లో మన ఒలింపిక్ సంఘాన్ని ఐఓసీ సస్పెండ్ చేసింది. 2014 సోచీ వింటర్ ఒలింపిక్స్ ప్రారంభంలో మన పిల్లలు మూడు రంగుల జెండా లేకుండా ఒలింపిక్ జెండా కింద నడిచారు. టీవీ ముందు కూర్చున్న నాకు అన్నం సహించలేదు ఆ రోజు. డోపింగ్ చూడండి: ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) 2023 లెక్కల్లో, 5 వేలకు పైగా పరీక్షలు చేసిన దేశాల్లో పట్టుబడిన శాతం మనదే ఎక్కువ, 3.8. కమిషన్‌వాళ్లు ముందు చూసేది ఇలాంటి కాగితాలే. పతకాలు తక్కువని ఆతిథ్యం ఆపరు గానీ, పారిస్‌లో మనకొచ్చిన ఆరింటిలో బంగారం ఒక్కటీ లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక మా ఊరికి వస్తాను. రెండేళ్ల తర్వాత అదే మీట్ ఇంకో ఊరికి ఇస్తే వాళ్లు చివర్లో చేతులెత్తేశారు. అంతకు ముందు ఏడాది మేము డివిజన్ స్థాయి పోటీలు గొడవ లేకుండా జరిపాం. "వీళ్లు చేయగలరు" అని ఎవరో అన్నారంట, అంతే, మాకొచ్చేసింది. అందుకే 2030 కామన్‌వెల్త్ గేమ్స్ అహ్మదాబాద్‌కు రావడమే నాకు అన్నిటికన్నా పెద్ద విషయం. 2025 నవంబర్‌లో ఖాయం చేశారు. అది అహ్మదాబాద్ డివిజన్ మీట్ అనుకోండి. 2010లో ఇవే గేమ్స్ ఢిల్లీలో పెట్టినప్పుడు పోటీలకు పన్నెండు రోజుల ముందు స్టేడియం దగ్గర కాలినడక వంతెన కూలింది, ఆ తర్వాత అవినీతి కేసులు, అరెస్టులు. పోటీలు బాగానే జరిగాయి, కానీ బయటివాళ్లకు ఆ వంతెనే గుర్తుండిపోయింది. చిక్కేంటంటే, 2036 సంగతి 2030 లోపే తేల్చేస్తే ఈ పరీక్ష ఫలితం చూపించే అవకాశమే ఉండదు. 2040కి నేను ఎనిమిదణాలు ఇచ్చింది అందుకే.

మీ ప్రశ్న కింద ఒకాయన "మన అనంతపురానికేం ఒరుగుతుంది?" అని అడిగారు. నిజం చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు, ఏదన్నా జట్టు ప్రాక్టీస్‌కు వస్తే గొప్ప. అయినా మనకు ఉన్నది తక్కువేం కాదు. ఆర్డీటీ అనే సేవా సంస్థ స్పోర్ట్స్ విలేజ్‌లో పల్లె పిల్లలు హాకీ, ఫుట్‌బాల్ ఆడుతున్నారు. 2010లో టెన్నిస్ ఆటగాడు నాదల్ తన ఫౌండేషన్ టెన్నిస్ స్కూలు మొదలుపెట్టడానికి ఇక్కడికే వచ్చాడు. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగాయి. వీటికోసం ఎవరూ లాసాన్ వెళ్లలేదు.

మీట్ దొరికాక ఏమైందో చెప్పలేదు కదూ. మూడు రోజులు బ్రహ్మాండంగా జరిగింది. రావలసిన గ్రాంట్ సగమే వచ్చింది. షామియానా, కుర్చీల ఆయనకు బాకీ పడ్డాం. ఆయన ఎనిమిది నెలలు మా ఇంటి చుట్టూ తిరిగాడు, చివరికి నా పీఎఫ్‌లో లోన్ తీసి కట్టాను. మాంట్రియల్ 1976 ఒలింపిక్స్ అప్పు 2006 దాకా తీర్చిందని చదివినప్పుడు నాకు ఆయన ముఖమే గుర్తొచ్చింది.

ఆయన ఇప్పటికీ క్లాక్ టవర్ దగ్గర కనిపిస్తుంటాడు. మొన్న ఈ అహ్మదాబాద్ సంగతి చెబితే అంతా విని, "అడ్వాన్స్ ఎంతిస్తారంట సార్?" అన్నాడు.