బండి బాగోగులు: పాతికేళ్ల పండగ కార్వెట్‌లో డబ్బు పెట్టవచ్చా?

ప్రశ్న: మా మేనల్లుడు ఒహాయోలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ 1978 నాటి షెవర్లే కార్వెట్ స్పోర్ట్స్ కారు, పేస్ కారు మోడల్, ఒకటి అమ్మకానికి వచ్చిందట. పాతికేళ్ల సందర్భంగా తీసిన లిమిటెడ్ ఎడిషన్ అని, రెండు వేల మైళ్లు కూడా తిరగలేదని, సీట్ల మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదని చెబుతున్నాడు. "రేటు పెరగడమే గానీ తగ్గదు, సగం నువ్వు పెట్టు మావయ్యా" అంటున్నాడు. రిటైర్మెంటు డబ్బు కొంత బ్యాంకులో ఉంది. పెట్టమంటారా? ఆ కారును తర్వాత ఇక్కడికి తెచ్చుకోవచ్చా?
— రిటైర్డ్ టీచరు, బొబ్బిలి

జవాబు: మాస్టారూ, రెండో ప్రశ్న ముందు తేల్చేస్తాను. కుదరదు. మూడేళ్లు దాటిన వాడిన కారును, అందులోనూ ఎడమవైపు స్టీరింగ్ ఉన్నదాన్ని, మామూలుగా మన దేశంలో దించనివ్వరు. యాభై ఏళ్లు దాటితేనే వింటేజ్ లెక్క. 1978 బండికి ఆ వయసు 2028లో గానీ రాదు. కాబట్టి బొబ్బిలి కోట ముందు దాన్ని నిలబెట్టి ఫొటో దిగాలన్న ఆశ పక్కన పెట్టండి.

ఇక డబ్బు సంగతి. లిమిటెడ్ అనగానే ఎన్నింటికి లిమిట్ అని అడగాలి. 1953లో మొట్టమొదటి కార్వెట్లు 300 తీశారు. అన్నీ తెల్లవే, లోపల ఎర్ర సీట్లు. 1978లో ఇండియానాపొలిస్ 500 మైళ్ల రేసులో పోటీ కార్లకు ముందు నడిచే పేస్ కారుగా కార్వెట్‌ను తొలిసారి ఎంచుకున్నారు. దానికి గుర్తుగా అలాంటివే 300 తీద్దామని మొదట అనుకున్నారు. తర్వాత అది 2,500 అయింది. డీలర్లందరికీ ఒక్కోటైనా ఇవ్వాలన్న లెక్క వచ్చేసరికి 6,502 దగ్గర ఆగింది. రెండు రంగుల వెండి మోడల్ ఇంకోటి కూడా ఆ ఏడాదే పాతికేళ్ల పేరుతో వచ్చింది. అవి 15,283. ఆ ఏడాది మొత్తం కార్వెట్లే 46,776. అంటే దాదాపు సగం బండ్లు స్పెషల్ బండ్లే!

పేస్ కారు కంపెనీ ధర 13,653 డాలర్లు. ఇది దొరకదు, రేపు రెట్టింపవుతుంది అని పేపర్లలో రాగానే జనం ఎగబడి అంతకు చాలా ఎక్కువ పెట్టి కొన్నారు. కొని తిప్పారా అంటే లేదు, గ్యారేజీలో పెట్టి తాళం వేశారు. వచ్చిన చిక్కంతా అక్కడే. అందరూ దాచిపెట్టేసరికి తక్కువ తిరిగిన పేస్ కార్లు ఇవాళ్టికీ అమ్మకానికి వస్తూనే ఉన్నాయి. మీ మేనల్లుడు చెప్పిన ప్లాస్టిక్ కవరు అలా దాచినవాళ్ల గుర్తే తప్ప అపురూపం కాదు.

అసలుదా కాదా అన్నది మాత్రం తేలిగ్గా తేలుతుంది. పేస్ కార్లకు సీరియల్ విడిగా ఇచ్చారు, 900001 నుంచి 906502 దాకా. ముందు అద్దం పక్కన, డ్రైవరు వైపు నిలువు చట్రం మీద, అద్దంలోంచి బయటినుంచే నంబరు కనబడుతుంది. అందులో చివరి ఆరంకెలు 9తో మొదలవకపోతే, పైన నలుపు, కింద వెండి, మధ్యలో ఎర్ర గీత ఎంత ముద్దుగా ఉన్నా అది తర్వాత కొట్టించిన పెయింటే. తలుపుల మీద రేసు పేరు స్టిక్కర్లు లేవని మాత్రం అనుమానపడొద్దు. వాటిని అంటించకుండా బండితోపాటు విడిగా ఇచ్చారు. చాలామంది అంటించుకోలేదు.

తిరగని బండి అంటే మీకు కొత్త బండి. మా షెడ్డులో మాకది టెన్షన్. ఆ కాలం కార్వెట్‌కి నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులే. నిలబెట్టి ఉంచితే కాలిపర్ల (బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగాల) లోపల ఇనుము తుప్పు పట్టి గుంటలు పడుతుంది, బ్రేక్ ఆయిల్ కారిపోతుంది. పెట్రోలు జిగురైపోయి కార్బురేటర్ పట్టేస్తుంది. రబ్బరు బీడింగులు పెళుసెక్కిపోతాయి. ఈ ఖర్చంతా ధర మీద అదనం.

నా మాట అడిగితే, నడపాలన్న మోజుంటే మీ మేనల్లుడు తన డబ్బుతో కొనుక్కుని ఆదివారాలు తిప్పుకోవడం బాగుంటుంది. మీ డబ్బు మాత్రం బ్యాంకులోనే ఉంచండి. మావయ్యా అన్న పిలుపుకి కాదనడం కష్టమని తెలుసు. ఈ పత్రిక కటింగు పంపించి తప్పు నా మీదకి నెట్టేయండి.

ప్రశ్న: అన్నా, భావనపాడులో ఫైబర్ బోట్లు రిపేరు చేస్తాను. కార్వెట్ బాడీ కూడా ఫైబరే అంటున్నారు. నిజమేనా? మరి పాత దెబ్బ ఎలా పట్టుకుంటారు?
— బోటు మెకానిక్, శ్రీకాకుళం జిల్లా

జవాబు: నిజమే తమ్ముడూ. నువ్వు పూసే రెజిన్, గ్లాసు పీచే. తక్కువ బండ్లకు రేకు నొక్కే అచ్చులు చేయించాలంటే బోలెడు ఖర్చు, టైమూ పడుతుందని 1953లో ఫైబర్‌కి దిగారు. మాలాంటి టింకరింగ్ వాళ్లం లప్పం ఎక్కడుందో చూడటానికి రేకు మీద అయస్కాంతం తిప్పుతాం. కార్వెట్ దగ్గర ఆ పప్పులు ఉడకవు, ఎక్కడా అతుక్కోదు. నీకు తెలిసిన పద్ధతే పనికొస్తుంది. టార్చి పట్టుకుని మడ్‌గార్డు లోపలివైపు చూడాలి. ఫ్యాక్టరీ ప్యానెల్‌ని రెండువైపులా అచ్చులో నొక్కి తీస్తారు కాబట్టి వెనకవైపు కూడా నున్నగా ఉంటుంది. చేత్తో గ్లాసు పీచు మ్యాట్ పరిచి రెజిన్ పూసిన చోట పీచు ముడతలు, కారి గడ్డకట్టిన బొట్లు కనబడతాయి. వేలు పెడితే గరగరలాడుతుంది. అక్కడ దెబ్బ తగిలినట్టే.

ఫైబర్‌కి తుప్పు లేదు కదా అని మురిసిపోవద్దు. దాని కింద ఛాసిస్, ముందు అద్దం చుట్టూ ఉండే చట్రం ఉక్కువే. అద్దం మూలల్లోంచి నీళ్లు దిగి లోలోపల తినేస్తాయి, పైన బాడీ మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. వెనక చక్రాలకు కాస్త ముందు ఛాసిస్ పైకి వంగే చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. మంచు ఊళ్లలో రోడ్డు మీద ఉప్పు చల్లుతారు, ఒహాయో అలాంటిదే. ఉప్పుగాలి ఇనుమును ఏం చేస్తుందో భావనపాడు వాడికి నేను చెప్పాలా?

ప్రశ్న: వార్షికోత్సవం కార్వెట్లలో మీరైతే ఏది తీసుకుంటారు?
— ఇంజనీరింగ్ విద్యార్థి, విజయనగరం

జవాబు: తక్కువ సంఖ్యే కావాలంటే 1988 నాటి 35 ఏళ్ల మోడల్. 2,050 మాత్రమే. ఒళ్లు తెలుపు, చక్రాలు తెలుపు, సీట్లూ తెలుపే. గ్రీజు చేతులతో బతికేవాణ్ని, ఆ సీట్లో నన్ను కూర్చోనివ్వరు. 1993 నాటి 40 ఏళ్ల రూబీ ఎరుపు 6,749 వచ్చాయి. వాటిలో ఒకటి కెంటకీలోని కార్వెట్ మ్యూజియంలో ఉండేది. 2014 ఫిబ్రవరి 12న నేల కుంగి ఎనిమిది కార్లు గోతిలో పడ్డప్పుడు అదీ పడింది. మూడింటినే బాగుచేశారు, దీన్ని నలిగిన బండిగానే ఉంచేశారు.

నా ఓటు 2003 నాటి 50 ఏళ్ల మోడల్‌కి. అవి 11,632, అరుదేమీ కాదు. కానీ మిగతావాటిలో పండగంతా రంగులోనూ సీట్లలోనూ ఉంటే, దీనికి అడుగున కూడా ఉంది. షాకబ్జార్బర్ నూనెలో సన్న ఇనుప రజను కలిపి, కరెంటు అయస్కాంతంతో గట్టిగానో మెత్తగానో మార్చే పద్ధతిని కార్వెట్‌లో ఆ ఏడాదే తెచ్చారు, ఈ మోడల్‌కి ప్యాకేజీలోనే ఇచ్చారు. గుంట తగిలిన క్షణంలోనే సర్దుకుంటుంది. నువ్వు ఇంజనీరింగ్ కుర్రాడివి కాబట్టి ప్రాజెక్టుకి అది తీసుకో. ఆ నూనె మీద చిన్న మోడల్ చేయగలిగితే మా షెడ్డుకి పట్టుకురా, చూస్తాను.