దూకిందా, పడిందా: చిట్టికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, ఆ తర్వాతే నీ మెసేజ్ చూశాను. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, వచ్చే నెల నుంచి ఇంగ్లీషు వార్తలు తెలుగు చేసే పనిలో చేరుతున్నావట. "ఐ యామ్ టేకింగ్ ద ప్లంజ్, పెద్దమ్మా" అని రాశావు, తెగించి దూకేస్తున్నానని. నాకు రెండింటి దాకా నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత ఈ పని ఎవరూ పట్టుకోరనుకున్నాను, నువ్వు పట్టుకుంటున్నావు, గుండె నిండిపోయింది. టెన్షన్ కూడా ఉంది. జీతం సగం అవుతుందని మీ అమ్మ బెంగ. నా బెంగ వేరు, నువ్వు రాసిన ఆ ప్లంజ్ అనే మాట గురించి.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. ఆరు నెలల ఖర్చుకు డబ్బు విడిగా పెట్టుకో. రాసింది పైకి చదువుకో. పేర్లూ అంకెలూ రెండోసారి సరిచూడు. గంటకోసారి కుర్చీలోంచి లే, నా నడుము సంగతి నీకు తెలుసు.

ఇక పడడం గురించి. నవ్వకు, నీ పనిలో రోజూ ఎదురయ్యేది ఇదే. ఇంగ్లీషు వార్తల్లో ధరలు, రూపాయి, బస్సులు, ఉష్ణోగ్రతలు, ప్రభుత్వాలు ఎప్పుడూ ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది, దేనికి తగ్గ మాట దానికి ఉంటుంది. డిప్ అంటే కాస్త తగ్గడం. స్లైడ్ అంటే మెల్లగా జారుతూ పోవడం. స్లంప్ అంటే చతికిలబడడం, ఒకసారి పడ్డాక అంత తొందరగా లేవదు. నోస్‌డైవ్ విమానాల నుంచి వచ్చింది, ముక్కు కిందికి పెట్టి దూసుకు రావడం. వీటన్నిటికీ మనవాళ్లు ఒకటే రాస్తారు, "కుప్పకూలింది" అని. అర శాతం తగ్గితే కుప్పకూలడం ఏమిటి? ఉన్న డబ్బంతా షేర్లలో పెట్టిన పెద్దాయన పొద్దున్నే ఆ హెడ్డింగు చదువుతాడు, ఆయన గుండె ఏమవుతుందో ఆలోచించి రాయి.

ప్లమ్మెట్, అంటే నిట్టనిలువునా పడిపోవడం, ఆ మాట నాకు ఈ ఇంటి వల్ల అర్థమైంది. చెన్నై సైదాపేటలో ఇది కట్టేటప్పుడు మీ పెదనాన్న పొద్దుట్నుంచీ మేస్త్రీ పక్కనే నిలబడేవారు. మేస్త్రీ గోడ వారన తాడు వదిలేవాడు, కొసన గుండు, అది కాసేపు ఊగి, ఆగి, నిలువుగా నిలబడేది. "చూడు, అబద్ధం చెప్పదు" అనేవారు మీ పెదనాన్న. ప్లమ్మెట్ అంటే మొదట ఆ గుండే. లాటిన్‌లో సీసాన్ని ప్లంబమ్ అంటారు, నువ్వు కెమిస్ట్రీలో రాసిన పీబీ అదే. ఓడవాళ్లు లోతు చూడ్డానికి తాడుకు సీసం కట్టి నీళ్లలో వదిలేవాళ్లు. ప్లంజ్ కూడా ఆ సీసంలోంచే పుట్టింది, ప్లంబర్ కూడా, ఒకప్పుడు గొట్టాలు సీసంతో చేసేవాళ్లు కదా. కాబట్టి ప్లమ్మెట్ అన్నచోట బరువూ ఉంది, నిలువుగా పడడమూ ఉంది. 2019 ఎండల్లో మా చెంబరంబాక్కం, పుళల్ చెరువుల గురించి ఇంగ్లీషులో ఆ మాట వాడితే నేనైతే "నీళ్లు అడుగంటాయి" అని రాస్తాను. అంతకంటే మంచి మాట ఏ నిఘంటువూ ఇవ్వదు. ఆ వేసవిలో బిందెలు పట్టుకుని ట్యాంకర్ కోసం నిలబడ్డదాన్ని నేను.

మన మాటలు తక్కువేమీ కాదు. ఆకు రాలుతుంది, జుట్టు రాలుతుంది, కన్నీళ్లు రాలతాయి. పిట్ట వాలుతుంది. నేల కుంగుతుంది, పడవ మునుగుతుంది, గోడ కూలుతుంది, చెట్టు ఒరుగుతుంది. డిసెండ్ అనే మాటకు ఎక్కడం అనే అర్థమున్న ధాతువు ముందు "కిందికి" అని చేర్చారు, ఎక్కినవాడు దిగడం అన్నమాట. మన అవతారం అన్నా అసలు అర్థం దిగడమే, దేవుడు దిగి వస్తాడు, పడిపోడు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

1981. నాకు ఇరవై ఆరేళ్లు, ఇక్కడే ఒక పత్రికలో పని. సాయంత్రం షిఫ్టు, టెలిప్రింటర్ మీద మూడు లైన్ల వార్త వచ్చింది. గూడూరు దగ్గర ఒక పల్లె, పెళ్లయి ఏడాది కూడా కాని అమ్మాయి, బావి, చావు. క్రియ ఒక్కటే, "ప్లంజ్‌డ్". చేతిలో ఇంకా ఏడెనిమిది వార్తలున్నాయి. ఆలోచించలేదు. "బావిలో దూకి యువతి మృతి" అని రాసి కింద ప్రెస్సుకు పంపేశాను, అచ్చయింది.

వారం తర్వాత ఒక పెద్దాయన ఆఫీసుకు వచ్చాడు. భుజాన తువ్వాలు, చంకలో గుడ్డ సంచి. కత్తిరించిన పేపరు ముక్క నాలుగు మడతలు విప్పి బల్ల మీద పరిచి, "ఇది రాసిందెవరమ్మా?" అన్నాడు. నేనేనన్నాను. కోప్పడలేదు. సంచిలోంచి మూరెడు చేంతాడు తీసి పేపరు పక్కన పెట్టాడు. కొబ్బరిపీచు తాడు, ఒక కొస పీచులు విడిపోయి ఉంది, రెండో కొస కత్తితో కోసినట్టు నున్నగా ఉంది. "నీళ్లు చేదుతుంటే బొక్కెన జారింది, పట్టుకోబోయి ముందుకు తూలింది. పైకి తీసినప్పుడు కూడా ఈ తాడు పిడికిట్లోనే ఉంది తల్లీ, వేళ్లు విడదీయలేక కోశాం. దూకేది తాడు పట్టుకుని దూకుతుందా?"

ఊళ్లో అందరూ ఆ పేపరు చూసి అత్తింట్లో ఏం బాధలు పడిందోనని చెప్పుకుంటున్నారట. అల్లుడిని పోలీసులు రెండుసార్లు పిలిపించారట. రెండో కూతురి సంబంధం వెనక్కి పోయిందట. మర్నాడు లోపలి పేజీలో నాలుగు లైన్ల సవరణ వేశాం. అది ఆ ఊళ్లో ఎంతమంది చూశారో!

మా సీనియర్ ఒకాయన "ఇంగ్లీషులో ఉన్నదే కదమ్మా రాశావు" అని ఓదార్చాడు. అక్కడే ఉంది చిక్కు. ప్లంజ్ అంటే పైనుంచి వేగంగా లోపలికి పోయిందనే తప్ప, తనంతట తాను పోయిందో కాలు జారిపోయిందో ఆ మాట చెప్పదు. తెలుగు చెప్పి తీరుతుంది. దూకడంలో మనసు ఉంది, పడడంలో లేదు. మూలంలో లేని మనసును నేను ఆ పిల్లకు అంటగట్టాను. తెలియనప్పుడు "బావిలో పడి" అని రాయి, అది దేన్నీ తేల్చదు. వీలుంటే ఫోన్ చేసి అడుగు, అడగడానికి సిగ్గుపడకు, ఎంత రాత్రయినా సరే. బస్సు లోయలోకి ప్లంజ్ అయిందంటే లోయలో పడింది అంతే, "దూసుకెళ్లింది" అని రాశావంటే చచ్చిపోయిన డ్రైవరు వేగంగా నడిపాడని తీర్పు చెప్పినట్టే, అతని పెళ్లాంబిడ్డలు కూడా చదువుతారు.

అందుకే నీ మెసేజ్ చూసి నిద్ర పట్టలేదు. మా పిల్ల దూకుతోందా, దిగుతోందా అని. నీకు చిన్నప్పటి నుంచీ తొందర ఎక్కువ, మెట్లు రెండేసి చొప్పున దిగేదానివి, ఆ మోకాలి మచ్చ ఇంకా ఉందిగా. తిడుతున్నాననుకోకు బంగారం. ఆ చురుకే నీకు అన్నం పెడుతుంది, కానీ రాసిన ప్రతి క్రియ దగ్గరా ఒక్క క్షణం ఆగు.

చేరేలోపు ఒకసారి రా. మధ్యాహ్నం బృందావన్ రైలు ఎక్కితే రాత్రికి సెంట్రల్‌లో ఉంటావు. నీ మొదటి పేజీలు తీసుకురా, ఇద్దరం కూర్చుని ఎర్ర పెన్నుతో చూద్దాం. గోంగూర పచ్చడి చేసి ఉంచుతాను. బండి పూర్తిగా ఆగాకే దిగు, దిగగానే ఫోన్ చెయ్యి.

పెద్దమ్మ